ఉన్నదున్నట్టు

సూరత్‌లోని పాండేసరలో మా సేటు దగ్గరికి ఎవరు పోయినా ముందు చాయ్ వచ్చేది. చాయ్ చల్లారేలోపు సి.ఆర్. పాటిల్ జీవితచరిత్ర వచ్చేది. చాయ్ వద్దనొచ్చు. రెండోదానికి ఆ వీలు లేదు.

"సారూ, ఆయనేమన్న గుజరాతీయా? కాదు. మహారాష్ట్రల జల్‌గావ్ జిల్లా. మనం వరంగల్ల నవజీవన్ ఎక్కితే ఆ జల్‌గావ్ మీదికెల్లే గద సూరత్ వచ్చుడు. మనకంటె జర దగ్గర ఎక్కిండు. అంతే తేడా."

అక్కణ్ణించి వేళ్లు మడవడం మొదలుపెట్టేవాడు. 1955లో పుట్టుక, ఒక వేలు. సూరత్‌లో ఐటీఐ, ఒక వేలు. పోలీసు శాఖలో కానిస్టేబుల్ కొలువు, ఒక వేలు. 1989 చివర్లో బీజేపీలో చేరిక. ఆపైన బొటనవేలు. దాన్ని మడిచే ముందు ఒకసారి గాలిలో ఆడించి, గొంతు తగ్గించి చెప్పేవాడు: "1991ల పేపర్ పెట్టిండు సారూ. నవగుజరాత్ టైమ్స్. గుజరాతీల డైలీ పేపర్."

రెండో చెయ్యి మొత్తం ఆ బొటనవేలి ఫలితమే. 2009లో నవసారి ఎంపీ. 2014లో మళ్లీ. 2019లో మళ్లీ, ఈసారి 6.89 లక్షల మెజారిటీతో. ఆ ఎన్నికల్లో దేశం మొత్తమ్మీద అంత తేడాతో గెలిచినవాడు ఇంకొకడు లేడు. 2020 జులైలో గుజరాత్ బీజేపీ అధ్యక్షుడు. మరాఠీ ఇంట్లో పుట్టి, గుజరాత్‌లో రాష్ట్ర పార్టీని నడిపించే కుర్చీలో కూర్చున్నవాడు. పాండేసర ఉండేది నవసారి లోక్‌సభ స్థానంలోనే కాబట్టి సేటుకు ఆయన దేశనాయకుడి కంటే ముందు మన ఎంపీ.

"కానిస్టేబుల్‌కు ఎవడన్న నమస్తే పెడ్తడా? పేపరోనికి పెడ్తడు. పేపరోడు లీడరైతడు. గంతే సారూ లెక్క."

1991కీ 2009కీ నడుమ పద్దెనిమిదేళ్లున్నాయనీ, ఆ పద్దెనిమిదేళ్లలో ఆయన చేసిన పార్టీ పనిని ఏ వేలితోనూ లెక్కించలేదనీ నేను అంటే, "చాయ్ తాగున్రి సారూ" అనేవాడు.

మా సేటు సిరిసిల్ల దిక్కు మనిషి. కుర్రతనంలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనికని సూరత్ వచ్చాడు. మొదట లింబాయత్‌లో ఒక ఖోలీలో ఏడెనిమిది మందితో కలిసి ఉన్నాడు. పగలు పనివాళ్లు లేచిపోతే రాత్రి పనివాళ్లు వచ్చి అదే చాప మీద పడుకునేవాళ్లు. ఆ తర్వాత పాండేసర జీఐడీసీ పారిశ్రామికవాడలో రంగు మిల్లుకు మారాడు. పాండేసర అంటే బట్ట నేసే చోటు కన్నా బట్టకు రంగెక్కే చోటు. గ్రే బట్ట తాకాలు తాకాలుగా టెంపోల్లో వస్తుంది, జెట్ మెషిన్లలో ఉడుకుతుంది, స్టెంటర్ మీద ఆరుతుంది, చీరై బయటికి పోతుంది. గంజాం నుంచి వచ్చిన ఒడియావాళ్లు, యూపీ, బీహార్ వాళ్లు, ఖాందేశ్ మరాఠీలు, వాళ్ల మధ్యన మనవాళ్లు. చిమ్నీల మసి ఎవరి మీద పడినా భాష అడిగి పడదు.

సేటు మిల్లులో కూలీగా చేరి, మనుషుల్ని కూర్చే ఠేకేదారై, చీరల మడత పని కాంట్రాక్టులు పట్టి, సొంతంగా రెండంతస్తులు కట్టుకునే దాకా వచ్చాడు. అప్పటిదాకా అందరూ అన్నా అన్నవాళ్లు ఆ మేడ లేచాక సేటు అనడం మొదలుపెట్టారు. ఆయన వద్దనలేదు.

పాటిల్ ఎంపీ అయిన 2009లోనే సేటు పేపరు పెట్టాడు. వారపత్రిక, నాలుగు పేజీలు, తెలుగులో. పేరు ఇక్కడ ఎందుకులెండి. పేరు కింద మాత్రం ఎర్రక్షరాల్లో ఒక మాట ఉండేది: 'ఉన్నదున్నట్టు'.

నేను అక్కడి మున్సిపల్ బడిలో తెలుగు పంతుల్ని. సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ గుజరాతీతో పాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఇంగ్లిష్ మాధ్యమాల్లో కూడా బడులు నడుపుతుంది. మన రాష్ట్రాల్లోనే తెలుగు మాధ్యమాన్ని మూసేయాలా ఉంచాలా అని కొట్టుకుంటున్న రోజుల్లో, తాపీ నది ఒడ్డున ఒక గుజరాతీ కార్పొరేషన్ మనవాళ్ల పిల్లలకు అఆలు దిద్దిస్తోందంటే ఊళ్లో చాలామంది నమ్మరు. బడి అయ్యాక సేటు ఆఫీసుకు పోయి సంపాదకీయం రాసేవాణ్ణి. దానికి నా పేరు ఉండదు, జీతం ఉండదు, చాయ్ ఉంటుంది.

ఆ చాయ్ దగ్గరే మా వాదాలు. పరాయి ఊళ్లో తెలుగు పేపరేమిటని నవ్వేవాళ్లకు నా దగ్గర గట్టి జవాబు ఉండేది. ఆంధ్రపత్రిక పుట్టింది మద్రాసులో కాదు, బొంబాయిలో, 1908లో. కాశీనాథుని నాగేశ్వరరావు అమృతాంజనం అమ్మిన డబ్బుతో నడిపాడు. మద్రాసుకు తరలి దినపత్రిక అయింది 1914లో. ఆయనా చివరికి ఆంధ్ర కాంగ్రెస్‌కు అధ్యక్షుడయ్యాడు. 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు ఒప్పందం రాసుకున్నది ఆయన ఇంట్లోనే, శ్రీబాగ్‌లో. మందు అమ్మి పత్రిక పెట్టి, పత్రికతో రాజకీయానికి వచ్చి, ఇంటి పేరు చరిత్రలో ఒప్పందం పేరుగా మిగిల్చిపోయాడు.

సేటుకు ఇందులో నచ్చింది బొంబాయి ఒక్కటే. "సూరత్‌కు బొంబాయి ఎంత దూరం సారూ? ఒక రాత్రి ప్రయాణం గుడ లేదు. మనం లైన్లనే ఉన్నం."

ఆయనది తెలంగాణ కాబట్టి సురవరం ప్రతాపరెడ్డి గారిని కూడా ముందు పెట్టేవాణ్ణి. 1926 మే 10న గోలకొండ పత్రిక. నిజాం రాజ్యం, ఉర్దూ రాజ్యం. అందులో తెలుగు పత్రిక పెట్టి, వార్త రాసేదీ తానే, ప్రూఫు దిద్దేదీ తానే, చందాదారుల చిరునామాలు రాసేదీ తానే. తెలంగాణలో తెలుగు కవులే లేరని ఎవరో అంటే కోపంతో వ్యాసం రాసి ఊరుకోలేదు. ఊరూరా వెదికి 354 మంది కవుల్ని ఒక పుస్తకంలోకి ఎక్కించాడు, గోలకొండ కవుల సంచిక. లేరన్నవాడికి లెక్క చూపించడమంటే అదీ. 1952లో వనపర్తి నుంచి హైదరాబాద్ శాసనసభకు గెలిచాడు. 1953 ఆగస్టులో పోయాడు.

సేటు వేళ్లు మడిచి చూశాడు. "అంటే, పేపర్ పెట్టినంక ఇరవై ఆరేండ్లకు ఎమ్మెల్యే. అయినంక ఏడాదిన్నర గుడ లేడు. గిట్టుబాటు గాదు సారూ. పాటిల్ సాబ్‌దే మంచిగుంది. పద్దెనిమిదేండ్లు."

గోడ మీద పాటిల్ ఫొటో ఉండేది, సేటు శాలువా కప్పుతుండగా తీసింది. పక్కన నా బలవంతం మీద సురవరం ఫొటో. వచ్చిన గుజరాతీ సేటొకడు దాన్ని చూసి, మీ నాన్నగారా అని అడిగాడు. సేటు కాదనలేదు.

పేపరు తయారీ ఒక తమాషా. టైపు చేసేవాడు మా బడిలోనే చదివి బయటపడ్డ కుర్రాడు. అచ్చు మాత్రం ఉధనాలోని గుజరాతీ ఆఫ్‌సెట్ ప్రెస్సులో. అక్కడ ఒక్కడికీ తెలుగు రాదు. ఒక వారం మూడో పేజీ తలకిందులుగా అచ్చయి వచ్చింది. అన్నీ గుండ్రంగానే ఉన్నాయి కదా, పై ఏదో కింద ఏదో మాకెట్లా తెలుస్తుందన్నాడు మెషిన్‌మన్. విచిత్రం, ఆ వారం ఎవరూ ఫిర్యాదు చేయలేదు. మూడో పేజీలో ఉండేది నా సంపాదకీయం.

జనం చదివేది వేరు. ఊరి కబుర్లు, సిరిసిల్ల బతుకమ్మ చీరల ఆర్డర్లు, పెళ్లి ఫొటోలు, పెద్దకర్మ ప్రకటనలు, ఎవరి కొడుకు ఇంజినీరింగ్‌లో చేరాడు. వీటన్నిటికీ రేటు ఉండేది. రేటు లేని వార్త ఒక్కటే, మొదటి పేజీలో కుడివైపు పైన గళ్ల చౌకంలో వారం వారం వచ్చేది: పాండేసరలో తెలుగు ఓట్లు ఇన్ని అని. మొదటి సంచికలో అది పది వేలు. రెండో దసరాకు పన్నెండు. ఎవరూ లెక్కపెట్టింది లేదు, పుట్టుకలూ వలసలూ ఏవీ చూసింది లేదు. దసరాకు కొత్త చీరలతో పాటు కొత్త అంకె. ఇది ఎక్కడిదని ఒకసారి అడిగాను.

"పేపర్ల వచ్చింది గద సారూ" అన్నాడు.

తమాషాగా, అదే నిజమైంది. మన పేపర్లో పడ్డ అంకెను ఒక హిందీ పేపరు ఎత్తి రాసింది. హిందీ పేపర్లో వచ్చిందని సేటు తిరిగి తన పేపర్లో వేశాడు. ఎన్నికల కాలంలో ప్రతి పార్టీ వాడూ వచ్చి అదే అంకె చెప్పి, మీవాళ్ల ఓట్లు ఇన్ని వేలున్నాయట కదా అనేవాడు. చివరికి చౌకంలోని అంకె పాతిక వేలకు వచ్చి ఆగింది. అంతకంటే పెంచితే బాగుండదని సేటుకే అనిపించింది.

ఆ పాతిక వేలలో ఎందరి ఓటు నిజంగా సూరత్‌లో ఉందన్నది వేరే సంగతి. మనవాళ్లలో చాలామందికి రేషన్ కార్డు ఊళ్లోనే, ఓటూ ఊళ్లోనే. 2018 డిసెంబర్‌లో తెలంగాణ శాసనసభ ఎన్నికలకూ, మరుసటి నెల పంచాయతీ ఎన్నికలకూ ఇక్కణ్ణించి బస్సులు కట్టుకుని పోయారు. ఆ బస్సుల ప్రకటనలు వేసింది కూడా మా పేపరే. 'ఛలో సిరిసిల్ల' ఒక పేజీలో, 'పాండేసరలో పాతిక వేల ఓట్లు' ఇంకో పేజీలో. ఉన్నదున్నట్టు.

2019 చలికాలంలో సేటు షష్టిపూర్తి వచ్చింది. కొడుకులూ అల్లుళ్లూ ఘనంగా చేశారు. మండపం, పీటల మీద మళ్లీ పెళ్లి, సేటమ్మకు మళ్లీ మంగళసూత్రం. పత్రిక ప్రత్యేక సంచిక పన్నెండు పేజీలు, రంగుల్లో. రంగు మిల్లుల యజమానులు, దారం వ్యాపారులు, కిరాణా కొట్లవాళ్లు, తలా ఒక శుభాకాంక్షల ప్రకటన ఇచ్చారు. ఇచ్చారంటే, వసూలు చేశారు. వాళ్లలో సగం మంది గుజరాతీలు, మార్వాడీలు. మొదటి పేజీలో 'షష్టిపూర్తి మహోత్సవం' అని టైపు కుర్రాడు అందంగా అమర్చాడు. సేటు చూసి పెదవి విరిచాడు.

"పైసలిచ్చినోనికి గీ తెలుగు అక్షరాలు ఏమర్థమైతయిరా? అందరికి సమజయ్యేటట్టు పెట్టు."

కుర్రాడు అక్షరాలు చిన్నవి చేసి, పేజీలో సగం మేర ఎర్రటి అంకె పెట్టాడు. 60. దానికి బంగారు అంచు. సున్నాలో సేటు ఫొటో, పూలదండతో. ఆ సంచిక ఏ భాషవాడు చూసినా ఒక్క చూపులో అర్థమయ్యేది. సేటు స్వయంగా కారులో వేసుకుని పార్టీ ఆఫీసులకు, కార్పొరేటర్ల ఇళ్లకు, మిల్లుల గేట్లకు పంచి వచ్చాడు. మా పత్రిక చరిత్రలో ఒక్క కాపీ మిగలని సంచిక అదొక్కటే.

తర్వాత కరోనా. మిల్లులు మూతపడ్డాయి. ఊళ్లకు పంపమని కార్మికులు రోడ్డెక్కారు. పేపరు కొన్నాళ్లు ఆగి మళ్లీ మొదలైంది. జులైలో పాటిల్ రాష్ట్ర అధ్యక్షుడైన వారం మొదటి పేజీ మొత్తం ఆయనే. ఓటర్ల జాబితాలో ఒక్కో పేజీకి ఒక్కో కమిటీ వేసి, ఆ పేజీలోని ముప్పై మంది దాకా ఓటర్లను ఆ కమిటీకే అప్పజెప్పే పద్ధతిని ఆయన గుజరాత్ అంతటా పరుగులు పెట్టించాడు. ఇదే కదా అసలు పని, పేపరు పెట్టడం కాదు, అన్నాను. ముప్పై మంది పేర్లు తెలిసినవాడికి ముప్పై ఓట్ల విలువే ఉంటుందనీ, పాతిక వేలని అచ్చేసినవాడికి పాతిక వేల విలువ ఉంటుందనీ సేటు తేల్చేశాడు.

2021 ఫిబ్రవరి 21న సూరత్ కార్పొరేషన్ ఎన్నికలు. ముప్పై వార్డులు, వార్డుకు నలుగురు, మొత్తం 120 మంది. సేటు దరఖాస్తు పెట్టాడు. బయోడేటా నేనే రాశాను, హిందీలో. వృత్తి: పత్రికా ప్రచురణకర్త. సమాజం: తెలుగు. సమాజం ఓట్లు: అక్కడ సేటు నా చేతిలోంచి పెన్ను తీసుకుని తానే రాశాడు, అంకెల్లో.

ఫిబ్రవరి మొదట్లో పాటిల్ ప్రకటన వచ్చింది. అరవై దాటినవాళ్లకు టికెట్ లేదు. మూడుసార్లు గెలిచినవాళ్లకు లేదు. నాయకుల బంధువులకు లేదు. గుజరాత్ మొత్తం గగ్గోలు. పెద్ద పెద్ద కార్పొరేటర్లకే గుండెల్లో రాయి పడింది. నేను ఆ వార్త పట్టుకుని పరుగున పోతే, సేటు నిమ్మళంగా చాయ్ తాగుతున్నాడు.

"నాకు యాభై ఏడే సారూ" అని ఆధార్ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

నిజమే, కార్డు అట్లానే చెబుతోంది. మిల్లులో చేరిన రోజుల్లో ఇంకొన్నేళ్లు ఎక్కువ పని దొరుకుతుందని రాయించుకున్న వయసు. అదే పీఎఫ్ పుస్తకంలోకి, అక్కణ్ణించి ఓటరు కార్డులోకి, అక్కణ్ణించి ఆధార్‌లోకి నడిచింది. మన తరం పల్లెటూరి మనుషుల్లో సగం మందికి రెండు పుట్టినరోజులు, ఒకటి అమ్మ చెప్పింది, ఇంకొకటి కాగితం చెప్పింది. టికెట్ అడిగేది కాగితం కాబట్టి సేటుకు దిగుల్లేదు.

రెండు రోజులకు పార్టీ ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. నన్నూ తోడు తీసుకుపోయాడు. లోపల పెద్దమనిషి ఒకాయన, ముందు బయోడేటాల దొంతర. సేటును చూసి లేచి నిలబడ్డాడు, చెయ్యి కలిపాడు, చాయ్ తెప్పించాడు. నిజం చెప్పొద్దూ, టికెట్ ఖాయమనే అనుకున్నాను. పాతిక వేలు అన్న చోట ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి ఉండటం నాకు ఇవతలి నుంచే కనబడింది.

"సేట్‌జీ, వయసు?"

"యాభై ఏడు సాబ్." ఆధార్ బల్ల మీద పెట్టాడు.

పెద్దమనిషి కార్డు చూశాడు, తల ఊపాడు. సొరుగు లాగి ఒక పేపరు తీసి, కార్డు పక్కనే పరిచాడు. సగం పేజీ మేర ఎర్ర అంకె. బంగారు అంచు. సున్నాలో పూలదండ. టికెట్ అడుగుతున్న మరో తెలుగాయన ఇచ్చి పోయాడట. దారం వ్యాపారి. ఐదో పేజీలో తన ప్రకటన ఉందని ఇన్నాళ్లూ దాచుకున్నాడు.

"ఈ కార్డు ప్రకారం మీకు యాభై ఏడు. ఈ పేపరు ప్రకారం అరవై దాటాయి. రెండూ మీవే." ఆయన గొంతులో వెటకారం లేదు, పోనీ ఎట్లాగైనా దాటిద్దామన్న సాయం కూడా ఉంది. "ఏది నిజం?"

సేటు నా వంక చూశాడు. నేను చాయ్ వంక చూశాను. పన్నెండేళ్లుగా ఎర్రక్షరాల్లో అచ్చేసిన మాట గది మధ్యలో నిలబడి ఉంది. సేటు చాలాసేపు ఆలోచించలేదు. వ్యాపారం చేసినవాడు.

"కార్డే నిజం సాబ్. పేపరుదేముంది? పేపరన్నంక నాలుగు ఎక్కువ రాస్తం."

పెద్దమనిషి తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "మంచిది. అయితే పేపరుది లెక్కలోకి వద్దు" అని ప్రత్యేక సంచికను మడిచి పక్కన పెట్టేశాడు. సేటు మొహం వెలిగింది. బల్ల కింద నా మోకాలు తట్టాడు కూడా.

ఆయన బయోడేటా దగ్గరికి లాక్కున్నాడు. ఎర్ర పెన్సిలు తీసుకున్నాడు. సున్నా చుట్టిన అంకె మీద మొనను ఆనించి తలెత్తాడు.

"మరి ఈ పాతిక వేల ఓట్లు, సేట్‌జీ... ఇవి కార్డులోవా, పేపర్లోవా?"